తూర్పు గుట్ట టోపీ పెట్టుకున్న రోజు

మల్దకల్ దగ్గర మా ఊరి నుంచి,
కార్తీక సోమవారం.

అన్నయ్యకూ వదినకూ సత్యవతి దణ్ణాలు పెట్టి రాసే కబుర్లు. ఇక్కడ నేనూ మీ బావగారూ పిల్లా కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? పిల్లలు బాగున్నారా? ఇవన్నీ ఫోన్లోనే అడగొచ్చు. కానీ నీకు వినబడేలా అరిస్తే మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వస్తోంది. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువుకో, మంచి కబురే.

మా గురించి బెంగ పెట్టుకోకు. మన పొలంలో ఉప్పు తేలిపోయి ఇక్కడికి కౌలుకు వచ్చినప్పుడు ఈ ఎర్రనేలా, ఈ రాళ్లూ చూసి నేనెంత ఏడ్చానో నీకు తెలుసు. ఇప్పుడు నేను జొన్నరొట్టె తడితే నర్సమ్మే మెచ్చుకుంటోంది. నర్సమ్మంటే మాకు పొలం కౌలుకిచ్చినావిడ, పక్కిల్లే. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లకు పొలమెలా ఇస్తామని అందరూ వెనకాడుతుంటే ఆవిడ ఇచ్చింది. నిజంగా బాగున్నాం. ఒక్కటే లోటు, చేపలు. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఎండు నెత్తళ్లు పంపు. కాస్త ఎక్కువే పంపు, నర్సమ్మ కూడా వాటి రుచి మరిగింది.

ఇక అసలు సంగతి. ఇక్కడ నా పేరు సత్యవతి కాదు, తుఫానమ్మ! నిరుడు కార్తీకంలో ఊరే పెట్టింది ఆ పేరు. అప్పుడు వీధిలో అందరి మక్కలూ తారురోడ్డు మీద ఆరుతున్నాయి. మక్కలంటే మన మొక్కజొన్న గింజలేలే. ఈశాన్యం నుంచి సన్నగా ఈదురుగాలి మొదలైంది. నాన్న చూపించిన గాలి నాకు తెలియదూ? తుఫాను పట్టింది, ఎత్తేయండి అన్నాను. వీళ్లకేమో వానలన్నీ రాయచూరు వైపు నుంచే వస్తాయి. అందుకని వాన కోసం పడమటికే చూస్తారు.

నర్సమ్మ నవ్వి, "గీ ఎండల వాన యాడికెల్లి వస్తదమ్మా? పడమర దిక్కు జూడు, అద్దం లెక్క ఉన్నది" అంది.

నేను ఊరుకుంటానా? పోరుపెట్టి అందరిచేతా ఎత్తించాను. మర్నాడు మాడు పగిలే ఎండ. నన్ను తిట్టుకుంటూ మళ్లీ పరిచారు. ఆ సాయంత్రమే కుండపోత! మన తీరంలో గాలి వెనకాలే వాన దిగుతుంది. ఇక్కడికి అది నల్లమల దాటి రావాలని నాకేం తెలుసు? గాలిని సరిగ్గానే పోల్చుకున్నాను, ఏ ఊళ్లో ఉన్నానో మరిచిపోయాను. అదీ ఆ పేరు కథ. నీళ్లకు వెళ్లినా, కొట్టుకు వెళ్లినా అదే పిలుపు. ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడు మళ్లీ అదే గాలి వచ్చింది. నర్సమ్మ మక్కలు అప్పటికి సగమే ఆరాయి. పచ్చివి కుప్ప పోస్తే ఉడుకెత్తి బూజు పడతాయి, రోడ్డు మీదే ఉంచితే వాన పాలు. ఆవిడకు ఏడాది పంట అదే. ఫోన్లో చూస్తే జిల్లా మొత్తానికీ వాన హెచ్చరిక ఉంది గానీ, అది మా రోడ్డు మీదికి ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పాలి? అందరూ ఖాళీ సంచులు పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు. నమ్మకంతో వచ్చారో వెక్కిరించడానికి వచ్చారో దేవుడికే తెలియాలి.

"ఏమంటవ్ తుఫానమ్మా? ఎత్తమంటవా, ఉండనియ్యమంటవా?" అని నర్సమ్మ అడిగింది.

ఈసారి నోరు జారలేదు. తిన్నగా మేకల మహబూబ్ సాబ్ దగ్గరికి వెళ్లాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ గుట్టల్లో మేకలు కాసిన పెద్దాయన. "ఇది తుఫాను గాలే, నాకు తెలుసు. ఇక్కడ ఎప్పుడు కురుస్తుందో మీరు చెప్పండి" అన్నాను.

"నిరుడే గిట్ల అడగకపోతివి బేటీ!" అని నవ్వాడు. "ఆ తూర్పు గుట్ట జూడు. దాని నెత్తి కానొచ్చినంతసేపు మక్కలు ఆరనియ్యి. గుట్ట నా లెక్క టోపీ పెట్టుకున్నదనుకో, ఇగ జర గూడ ఆగొద్దు."

వెనక్కి వచ్చి, "వాన వస్తుంది. కానీ ఇవాళ కాదు, ఉండనివ్వండి" అన్నాను. అందరూ నోళ్లు తెరిచారు. "నువ్వు వద్దంటుంటే నాకు ఇంకా భయంగా ఉందే" అన్నారు మీ బావగారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. గుట్ట వంకే చూస్తూ కూర్చున్నాను. ఎండ మసకగా ఉన్నా ఆ గాలికే గింజ ఆరింది, కొరికితే పటుక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలారేస్తూ చూద్దును కదా, గుట్టకి నెత్తి లేదు! మబ్బు టోపీలా దిగింది. "ఎత్తండి" అన్నాను. వీధంతా లేచింది. నర్సమ్మయితే చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఒకటే పరుగు. ఆఖరి బస్తా వసారాలోకి చేరాక, దీపాలు పెట్టే వేళకు పట్టుకుంది వాన. తెల్లార్లూ వదల్లేదు. మా వీధిలో ఒక్కరి గింజా తడవలేదన్నయ్యా!

నర్సమ్మ నా చేతికి టీ గ్లాసిచ్చి, వచ్చినవాళ్లందరితో "మా తుఫానమ్మ" అని చెప్పింది. 'మా' అంది, చూశావా? నిరుడు ఆ మాట లేదు. నా చెల్లెలు గొప్పలు పోతోందనుకుంటావేమో. అనుకో, గొప్పే మరి.

ఆ వాన చప్పుడు వింటుంటే నాన్న గుర్తొచ్చాడు. మన చిన్నప్పటి గాలివాన నువ్వు మాత్రం మరిచిపోయావా? స్కూలు మేడ మీదికి పొమ్మని గడపగడపకీ తిరిగి గొంతు పోయేలా అరిచాడు. సముద్రం నిమ్మళంగా ఉంది, వీడికి పిచ్చెత్తిందని నవ్వారు. మనమూ బాబాయి వాళ్లూ తప్ప ఎవరూ కదల్లేదు. తెల్లారేసరికి మన వాడ లేదు. "ఇంకాస్త గట్టిగా అరిచి ఉండాల్సింది" అని పోయేదాకా అదే మాట అనేవాడు.

మొన్న నేను అరవలేదన్నయ్యా. తడిబట్టలు చేతిలో పట్టుకుని మామూలుగా ఒక్క మాట అన్నాను. సముద్రం మొహమే చూడని ఊరు ఆ మాట విని లేచింది.

బాబాయికీ పిన్నికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్నూ మీ బావగారినీ పిల్లనూ మీరిద్దరూ చల్లగా దీవించండి. నాన్న ఫోటో ముందు దీపం పెట్టేటప్పుడు ఈ సంగతి చెప్పు. గట్టిగా చెప్పక్కర్లేదు.

నీ చెల్లెలు,
సత్యవతి