చిన్న కారు, అన్నయ్య క్యారవాన్

నా పిచ్చుకా, హిల్లీ తల్లీ,

నీకూ, అల్లుడు మారినుస్‌కూ, తన్నెకూ, చిన్నోడు యోబ్‌కూ అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా బాగున్నామని రాయడం మర్యాద, అందుకని రాశాను. నిజం చెప్పాలంటే ఒకరోజు బాగుంటాం, ఒకరోజు ఉండం. ఈ వారం బాగున్న రోజులే ఎక్కువ.

ఫోను చెయ్యకుండా కాగితం పట్టుకుందేమిటి అమ్మ అనుకుంటావు. నువ్వు ఫోనులో "అమ్మా" అనగానే నేను చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోతుంది. కాగితమైతే నన్ను తొందరపెట్టదు. రాతలో తప్పులుంటే నవ్వుకో. బడి మానేసి బంగాళాదుంపల పొలంలోకి దిగినదాన్ని, నాకింతే వచ్చు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. మీ నాన్నకు ఒక కంటికి శుక్లం తీశారు. రెండోది వచ్చే నెల. ఒక కన్ను బాగుపడగానే వంటింట్లో తిరిగి చూసి, "ఫెన్నా, ఇన్నేళ్లూ ఇంత దుమ్ములో బతికామా మనం?" అన్నాడు. "రెండో కన్ను ఆపరేషన్ వద్దని చెప్పేస్తా డాక్టరుకి" అన్నాను. బాతులు బాగున్నాయి. తన్నె పంపిన బొమ్మ ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. కారు, అది లాగుతున్న చక్రాల ఇల్లు, మన క్యారవాన్, దాని కప్పు మీద చెయ్యి ఊపుతూ ఒక మనిషి. ఆ మనిషెవరని నేను అడగనులే.

ఇక అసలు సంగతి. ఈ వేసవిలో వోల్టర్ అన్నయ్య క్యారవాన్ మాకిస్తావా అని నువ్వడిగితే, మీ కారు ఇంజను లీటరుదే, అది లాగలేదు, వద్దు అని రాసి ఊరుకున్నాను. దానికి నువ్వు రాసిన జవాబు ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. "అమ్మా, మా కారు చిన్నదనే వద్దంటున్నావా, లేక అన్నయ్య బండి మన పెరడు దాటడం నీకిష్టం లేదా?" అని అడిగావు. చదివి రొట్టెల డబ్బా కింద దాచాను. రొట్టె తీసినప్పుడల్లా కనబడుతోంది.

మీ అన్నయ్య, ఇప్పుడు మీరు వెళ్లాలనుకుంటున్న ఆ ఫ్రాన్స్ కొండల్లోని నది ఒడ్డుకే వెళదామని బండి సర్దుకున్నాడు. మర్నాడు తెల్లారితే ప్రయాణం. తెల్లారేసరికి తలలో నరం చిట్లి ఆస్పత్రిలో ఉన్నాడు, అక్కణ్ణించి ఇంటికి రాలేదు. ఇవన్నీ నీకు తెలుసు, తెలిసినా రాస్తున్నాను, రాయాలనిపిస్తోంది. దాన్ని లాగే డీజిల్ వ్యాను వాడు పనిచేసే షెడ్డువాళ్లది, వాళ్లు తీసుకుపోయారు. క్యారవాన్ మాత్రం వాడు సర్దినది సర్దినట్టే గోడ పక్కన ఉండిపోయింది. నేనిచ్చిన దుంపలు మొలకెత్తి వాసన వస్తే ఆ ఒక్క మూటా తీశాను. మిగతాదేదీ ముట్టలేదు. మీ నాన్న లోపల అడుగే పెట్టలేదు.

నీ ప్రశ్నకు జవాబు రాయాలంటే ముందు కారు సంగతి నాకు తెలియాలి కదా. అందుకని మీ కారు కాగితాల్లో ఏం రాసుందో మారినుస్‌ని అడిగి, పక్కింటి హార్మ్‌ని పిలిచాను. అతనికీ మీలాంటి కారే కదా. ఏటా ఎక్కడెక్కడికో క్యారవాన్ ఈడ్చుకుపోయి వస్తుంటాడు.

"లీటరు ఇంజనా? మా ఆవిడ కుట్టుమిషన్‌కి అంతకన్నా దమ్ముంది" అన్నాడు.

"నీ కారూ అదేగా" అన్నాడు మీ నాన్న.

"అందుకేగా నాకు తెలుసు!"

నవ్వులయ్యాక నిమ్మళంగా చెప్పాడు. ఇంజను లాగుతుందా లేదా అన్నది మొదటి మాట కాదట. చదును నేల మీద మెల్లగా ఏదైనా లాగుతుందట. వెనక బండి ముందు కారు కన్నా బాగా తేలిగ్గా ఉందా లేదా, అది చూడాలట. "తోక బరువైతే కుక్కని ఆడిస్తుంది" అన్నాడు. మీ కారు కాగితంలో వెయ్యి కిలోల దాకా లాగవచ్చని ఉంది. వోల్టర్ బండి ఎంత తూగుతుందో మాకెవరికీ తెలియదు.

బండిని హార్మ్ ట్రాక్టరుకి కట్టి, దుంపల లారీలు తూచే పిండి ఫ్యాక్టరీ కాటా దగ్గరికి తీసుకుపోయాం. దుంపల కాలం కాదు కాబట్టి ఖాళీగా ఉంది. కాటా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం బేరెండ్, ఈసారి దుంపలకి కిటికీలూ పరదాలూ పెట్టి తెచ్చావా?" అన్నాడు. మీ నాన్న కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. హిల్లీ, బండి కాటా మీదికి ఎక్కుతుంటే నేను మనసులో ఏం కోరుకున్నానో తెలుసా? బరువు ఎక్కువ రావాలని.

వచ్చింది. వెయ్యిన్నూట ముప్పై కిలోలు. "చూశావా, కుదరదు" అన్నాను, పండక్కి కొత్త బట్టలొచ్చినట్టు.

హార్మ్ తలుపు మీద బరువులు చెక్కిన రేకు చదివాడు. "ఇది బండి బరువు కాదు ఫెన్నా. ఖాళీ బండి ఎనిమిదొందల ముప్పయ్యే. మిగతాదంతా లోపలి సరుకు. దింపేస్తే మీ అమ్మాయి కారు హాయిగా లాగుతుంది."

దింపేస్తే. అంత తేలిగ్గా అన్నాడు. అతని తప్పేం లేదు, సరుకనే అనుకున్నాడు.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు నేను ఆ వైపుకే వెళ్లలేదు. తరవాత ఒక ఉదయం చూస్తే మీ నాన్న క్యారవాన్ మెట్టు మీద చెప్పులు విప్పుతున్నాడు. వోల్టర్ లోపలికి ఎవర్నీ బూట్లతో రానిచ్చేవాడు కాదుగా, గుర్తుంచుకున్నాడు. ఇద్దరం కలిసి దింపాం. బండి తలుపు ముందు కట్టుకునే గుడారం సంచి మోయడానికి ఇద్దరి నడుములూ చాలలేదు. మడత కుర్చీలు, గ్యాసు పొయ్యి, కాఫీ పొట్లాలు, వేరుశనగ ముద్ద సీసాలు, పనిముట్ల పెట్టె, వాడి ఇనప బంతుల పెట్టె. బీరు తాగుతూ నేల మీద ఆ బంతులు విసిరే ఆటలో వాడితో నువ్వు పోట్లాడేదానివి. రెండు పెట్టెల బీరుంటే గడువు దాటిందన్నాను. అయినా ఒకటి తెరిచి తాగి, మొహం చిట్లించి, ఆ సీసా చివరిదాకా తాగాడు మీ నాన్న.

హార్మ్ మళ్లీ వచ్చాడు. కారుకి తగిలించే కొక్కెం మీద ఎంత భారం పడుతోందో చూడాలని స్నానాలగదిలోంచి నన్ను తూచే కాటా తెచ్చి, దాని మీద కర్రముక్క నిలబెట్టి, బండి ముక్కు దాని మీద ఆనించాడు. "నీకన్నా తేలికే ఉంది ఫెన్నా" అన్నాడు. "నీ నాలుక కన్నా బరువే ఉంటుందిలే" అన్నాను. యాభై కిలోలు, సరిగ్గా ఉందన్నాడు. ముక్కు కొంచెం కిందికి నొక్కుతూ ఉండాలట. బరువైనవన్నీ బండి అడుగున, చక్రాలకి సరిగ్గా పైన పెట్టాలి, వెనక ఎప్పుడూ పెట్టకూడదని చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. విన్నానని గుర్తుపెట్టుకో, ముందుముందు అవసరమవుతుంది.

పది గంటల కాఫీ వేళయింది. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లి కూర్చున్నారు. తాగాక హార్మ్ కారుకి కట్టి కాలవ రోడ్డు మీద ఒకసారి నడిపి చూద్దామని అనుకున్నారు. నేను కాఫీ పోసి, బిస్కెట్లు పెట్టి, బయటికొచ్చాను. తలుపు తీసి చూశాను. ఖాళీ బండి. పరుపులు తప్ప ఏమీ లేవు. అది ఎవరిదో కొత్తవాళ్లదిలా ఉంది హిల్లీ.

ఇక్కడిదాకా రాసి లేచి పొయ్యి తుడిచొచ్చాను. ఇక రాసేస్తాను.

నేను వాడి ఇనప బంతుల పెట్టె మోసుకొచ్చి వెనక మంచం కింద పెట్టాను. వాడిది ఒక్కటైనా మీతో రావాలని. తరవాత పనిముట్ల పెట్టె, దారిలో ఏదైనా ఊడితే మారినుస్‌కి పనికొస్తుందని. దాంతో ఆగాల్సింది. కొట్లో మన దుంపలున్నాయి, పిల్లలకి ఫ్రాన్స్ దుంపలు పడతాయో పడవో అని పెద్ద బస్తా ఒకటి చక్రాల బండి మీద తెచ్చి అక్కడే తోశాను. ఇంకో చిన్న బస్తా కూడా. వెనక మంచం కిందే ఎందుకంటే అక్కడైతే ఎవరికీ కనబడవు.

కాలవ రోడ్డు ఎంత తిన్నగా ఉంటుందో నీకు తెలుసు. ముందు హార్మ్, పక్కన మీ నాన్న, వెనక నేను. మొదట ఎడ్లబండిలా సుఖంగా ఉంది. "చూశారా, కుట్టుమిషన్!" అని హార్మ్ కొంచెం వేగం పెంచాడు. ఎదురుగా పాల ట్యాంకరు వెళ్లింది. ఆ గాలికి వెనక బండి ఒక్కసారి పక్కకి ఊగింది. ఊగి నిలబడుతుందనుకున్నాం. నిలబడలేదు. ఇటు, అటు, ఇంకా ఎక్కువగా ఇటు. కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు ఉంది. పక్కన కాలవ నీళ్లు కిటికీ నిండా కనబడ్డాయి.

"బ్రేకు! బ్రేకు వెయ్యవయ్యా!" అని అరిచాడు మీ నాన్న.

"నోరు ముయ్యి బేరెండ్!" అన్నాడు హార్మ్. బ్రేకు వెయ్యలేదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడంతే. మెల్లగా, మెల్లగా ఊపు తగ్గి, గడ్డి పక్కన ఆగింది.

హార్మ్ దిగి, లోపలికి వెళ్లి, మంచం పరుపు ఎత్తాడు. "ఇదెవరు పెట్టారు?"

"నేనే" అన్నాను.

అతను నన్ను చూసి, బస్తాలను చూసి, "ఫ్రాన్స్‌లో దుంపలు పండవనుకున్నావా ఫెన్నా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను గడ్డిలో కూర్చుండిపోయాను. హిల్లీ, ఆ కారులో నాకు కనబడింది నేను కాదు, మీ నాన్న కాదు. వెనక సీట్లో తన్నె, యోబ్. ముందు నువ్వు.

దుంపల బస్తాలు రెండూ రోడ్డు పక్క దింపేశారు, తరవాత ట్రాక్టరుతో తెచ్చుకుందామని. బండిలో వద్దని హార్మ్ అంటే పనిముట్ల పెట్టె కారులో నా కాళ్ల దగ్గర పెట్టారు. బంతుల పెట్టె మీ నాన్న ఒళ్లో పెట్టుకున్నాడు. "కింద పెట్టవయ్యా, బరువు" అని నేనంటే, "బరువైనవి కారులో పెట్టమన్నాడు హార్మ్, పెట్టాను" అన్నాడు. ఇంటికొచ్చేదాకా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద, అదే వేగంతో, ఇంకో లారీ ఎదురొచ్చింది. వెనక బండి కదల్లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. వద్దని రాసినప్పుడు మీ కారు గురించి నాకేమీ తెలియదు. తెలిసినట్టు రాశాను. బండి పెరడు దాటడం నాకిష్టం లేకే రాశాను. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, నీ మీద కోపం లేదు.

కారు సంగతి ఇప్పుడు తెలిసింది కాబట్టి నిజంగానే చెబుతాను. లాగుతుంది. ఖాళీగా తీసుకెళ్లండి. బట్టలూ, వంట సామానూ నూరు కిలోలు దాటనివ్వొద్దు. తిండి అక్కడే కొనుక్కోండి. నీళ్ల ట్యాంకు చేరాక నింపుకోండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు బయల్దేరొద్దు. ఊగితే బ్రేకు వెయ్యొద్దు, కాలు తీసెయ్యండి. మారినుస్‌కి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు. కానీ ఆ నదికి మాత్రం వద్దు తల్లీ. ఈ మాట అమ్మ భయంతో అనడం లేదు, హార్మ్‌ని రెండుసార్లు అడిగాను. ఎండలో ఆ కొండెక్కడం ఈ ఇంజనుకి చాలా కష్టం, దిగేటప్పుడు వెనక బండి తోసుకొస్తుంది. ఫ్రాన్సే కావాలంటే చదునుగా ఉన్న సముద్రం ఒడ్డుకి వెళ్లండి. నది ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా రైల్లో వెళ్లవచ్చు. అప్పుడు నన్నూ తీసుకెళ్లు.

వచ్చే శనివారం రండి, బండి తుడిచి ఉంచుతాను. వెళ్లేటప్పుడు నేను గేటు దగ్గర నిలబడతాను. నేను ఏడిస్తే అద్దంలో కనబడుతుంది నీకు. ఆగకు. మన గేటు దాటగానే కాలవ గట్టు ఎత్తుగా ఉంటుంది, వెనక బండితో మధ్యలో ఆగితే చిన్న ఇంజను మళ్లీ ఎత్తుకోవడం కష్టం. ఒకే ఊపున ఎక్కెయ్యండి. నేను ఏడవడం అయ్యాక లోపలికి వెళతాను, మీ నాన్న ఉంటాడుగా.

నువ్వు పొద్దున్నించీ నిలబడ్డ చోటే ఒక రొట్టెముక్క తిని సరిపెడుతున్నావని మారినుస్ చెప్పాడు. అలా చెయ్యకు. రోజుకొకసారైనా కూర్చుని, వేడిగా, కడుపు నిండా తిను.

ఇట్లు,
నిన్నూ వోల్టర్‌నీ కన్న
అమ్మ ఫెన్నా