పచ్చ బటన్, పసుపు బటన్

నవంబర్ 1, బుధవారం

నోరు జారాను.

ఇరవై అయిదో తారీఖు డాన్సుకి ఈసారి కూడా ఫోన్లో పాటలు పెట్టుకోవాలా అని మా జానపద నృత్య బృందం వాళ్లు దిగాలుగా కూర్చున్నారు. ఎందుకూ, నేను అకార్డియన్ పెట్టె వాయిస్తాగా అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి వాటేసుకుంది కూడా. వాయించడం వచ్చు, అది అబద్ధం కాదు. పుట్టి పెరిగిన మా దీవిలో తొమ్మిదేళ్లు వాయించాను. కానీ అది బడివాళ్ల పెట్టె, బడిలోనే ఉంది. నా దగ్గర పెట్టె లేదు. ఆ ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి జారలేదు.

నవంబర్ 2

దొరికింది! దొరికింది! పాత సామాన్ల యాప్‌లో. ఎర్రగా మెరుస్తోంది. మూడు వేల అయిదు వందల క్రోనర్లు. కొత్తదైతే దీనికి పది రెట్లు. అదీ ట్రాన్‌హైమ్‌లోనే, నేను చదువుకునే ఈ ఊళ్లోనే, మా కొండ అవతలి వైపు.

నవంబర్ 3, శుక్రవారం

బస్సు డబ్బులు ఎందుకని నడిచే వెళ్లాను. అమ్మేవారి పేరు ఆస్లౌగ్ గారు. డెబ్భై తొమ్మిదేళ్లు, నిటారుగా ఉన్నారు. పెట్టె ఆవిడ భర్త తోర్లైఫ్ గారిదట, పోయి రెండేళ్లయిందట. వాయించి చూడు పిల్లా, చూడకుండా చెప్పులైనా కొనం అన్నారు. భుజాలకి తగిలించుకున్నాను. తిత్తిలో ఎక్కడా చిల్లు లేదు. మొదటి స్వరం పలకగానే ఒళ్లు ఝల్లుమంది. అక్కడే ఏడ్చేసేదాన్ని.

వచ్చే వారం శనివారం పన్నెండింటిదాకా నీకోసం ఉంచుతాను అన్నారు. ఆదివారం ఓస్లో నుంచి ఒకాయన నాలుగున్నర వేలు పట్టుకుని వస్తున్నాడట. అయినా మాట ముందు నీకిచ్చాను, నీ రేటు నీదే, పన్నెండు దాటితే మాత్రం నన్ను తిట్టుకోకు అన్నారు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి బడ్జెట్ వేశాను. బ్యాంకులో 2,640. విద్యారుణం పదిహేనున వస్తుంది, పదహారున అద్దె దాన్ని ఎత్తుకుపోతుంది, కాబట్టి దాని మీద ఆశ లేదు. పదిహేనుదాకా తిండికి 400 చాలు. ఫ్రీజర్లో అమ్మ పంపిన చేప ఉంది. అంటే పెట్టెకి 2,240. ఇంకా 1,260 కావాలి. ఎనిమిది రోజులు. తప్పకుండా అవుతుంది. ఎలాగో తెలీదు, అవుతుంది.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో ముగ్గురం వాటాలేసుకుని ప్రతి శుక్రవారం చేసుకునే టాకోలు, ఆ మాంసం కూరిన రొట్టెలు, ఈసారి మానేశాను. పక్క గది హోవార్ వచ్చి జ్వరమా అని నుదురు పట్టి చూశాడు. వాటా డబ్బులు మిగుల్చుకుంటున్నా అన్నాను. ఈ దేశంలో శుక్రవారం టాకో తినని మనిషిని మొదటిసారి చూస్తున్నా, ఫొటో తీసుకోనా అన్నాడు. వెధవ. వాసన గోడ దాటి వస్తోంది.

నవంబర్ 6, సోమవారం

స్టాటిస్టిక్స్ పుస్తకం అమ్మేశాను, 500! కొన్న కుర్రాడు పేజీలు తిప్పి చూశాడు. అంచుల నిండా నా పెన్సిల్ రాతలు. ఇది నాకు ఈ జన్మలో అర్థం కాదు, ఇదీ కాదు, ఇది అసలే కాదు. రబ్బరు కూడా ఇస్తావా అక్కా అన్నాడు. ఇచ్చాను. పరీక్ష డిసెంబరులో కదా, లైబ్రరీలో చదువుకుంటాను.

ఇక 760.

నవంబర్ 7

ఓట్స్ జావ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. దాల్చినచెక్క పొడి చల్లితే విందు.

నవంబర్ 8

నేనెంత మొద్దుని! బాల్కనీ! ఆగస్టు నుంచి మా ఇంట్లో ముగ్గురం తాగి పడేసిన సీసాలూ డబ్బాలూ అన్నీ అక్కడే ఉన్నాయి. కొట్టులో మెషిన్లో వేస్తే ఒక్కోదానికి రెండో మూడో క్రోనర్లు తిరిగొస్తాయి. ఎవరు మోసుకెళ్తే డబ్బు వాళ్లదని చేరిన రోజునే రూలు పెట్టుకున్నాం. ఇంకొకళ్లు మోస్తార్లే అని ముగ్గురం కూర్చున్నాం. రేపు నేను మోస్తానంటే హోవార్ చేతులు జోడించాడు. మోసుకెళ్లు తల్లీ, బాల్కనీ నేల ఏ రంగో మర్చిపోయాను అన్నాడు.

అన్నీ వేశాక రెండు బటన్లు వెలుగుతాయి. పచ్చ నొక్కితే రసీదు, కౌంటర్లో డబ్బిస్తారు. పసుపు నొక్కితే ఆ మొత్తమంతా ఒక సేవాసంస్థ లాటరీకి పోతుంది. పసుపు నొక్కేవాళ్లు రెండు రకాలని నాన్న అంటాడు. డబ్బున్నవాళ్లూ, రేపు ఉంటుందనుకునేవాళ్లూ.

నవంబర్ 9, మూడున్నర

మంచు బాగా పడింది. బస్తాలన్నీ మంచు మీద జారే స్లెడ్జ్ బండికి కట్టి లాక్కొచ్చాను. కొట్టులో నా ముందు ఇద్దరున్నారు. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

నాలుగూ ఇరవై

పసుపు నొక్కాను.

ఆరు

మా దీవి కొట్టులో పచ్చ కుడివైపు ఉంటుంది. ఇక్కడ ఎడమవైపు. స్క్రీన్ మీద అంకె ఎక్కుతూనే ఉంది. 500, 650, 740. 782! నేను గంతేశాను. వెనక ముసలాయన ఇంట్లో పెళ్లి జరిగిందేంటమ్మా అంటే నవ్వుతూ వెనక్కి తిరిగాను. చెయ్యి చిన్నప్పటి అలవాటుకొద్దీ కుడివైపుకే పోయింది. కాగితం బయటికొచ్చింది. ఈసారి బహుమతి లేదు, ధన్యవాదాలు.

కౌంటర్లో అమ్మాయిని బతిమాలాను. పాపం తనేం చేస్తుంది. మంచి పనికే పోయిందిలే, బాధపడకు అంది. నాకు ఏ మంచి పనీ వద్దు. నాకు పెట్టె కావాలి.

నవంబర్ 10

జావ. దాల్చినచెక్క లేకుండా.

నవంబర్ 11, శనివారం

ఇది నెమ్మదిగా రాయాలి.

పదకొండున్నరకి వెళ్లాను. 2,740 ఉంది, 760 తక్కువైంది, పెట్టె ఆయనకే ఇచ్చేయండి అని గుమ్మంలోనే చెప్పేశాను. ఎలా తక్కువైందని అడిగారు. అంతా చెప్పాను. బాల్కనీ, రూలు, స్లెడ్జ్, గంతు, పసుపు. పసుపు అనగానే ఆస్లౌగ్ గారు గోడ పట్టుకున్నారు. నవ్వు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వు. నాకు రోషం వచ్చింది కూడా.

అప్పుడు చెప్పారు. తోర్లైఫ్ గారు బతికున్నన్నాళ్లూ పసుపే నొక్కేవారట. ఒక్కసారి కూడా ఏమీ తగల్లేదట. రసీదేదయ్యా అంటే చిన్నపిల్లాడిలా నవ్వేవారట. విసిగిపోయి ఆవిడ సీసాలు దాచడం మొదలుపెట్టారట. రా చూపిస్తానని ఇంటి కింద సెల్లార్లోకి తీసుకెళ్లారు. అమ్మో! సీసాల బస్తాల వెనక గోడలు కనబడటం లేదు. ఆయన పోయాక వాటిని కొట్టుకు తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు అన్నారు, అది మాత్రం నవ్వకుండా.

తర్వాత నా భుజం తట్టి, మీ ఇంట్లో రూలు ఏమిటన్నావు, మోసినవాళ్లదేగా డబ్బు, ఈ ఇంట్లోనూ అదే రూలు అన్నారు. అంటే ఈ సీసాలు నేను మోసుకెళ్తే ఆ డబ్బు నాదే! నా ముందే ఓస్లో ఆయనకి ఫోన్ చేసి, అమ్ముడుపోయింది బాబూ, రాకండి అని పెట్టేశారు. రేపు ఆదివారం, కొట్లుండవు. సోమవారం!

నవంబర్ 13, సోమవారం

నాలుగు ట్రిప్పులు లాగాను. ఆస్లౌగ్ గారు టోపీ పెట్టుకుని మెషిన్ దగ్గర కాపలాకి నిలబడ్డారు. నీ కుడిచెయ్యి జేబులో పెట్టు, దాన్ని నేను నమ్మను అన్నారు. ఎడమచేత్తోనే వేశాను. పాతవి కొన్నింటిని మెషిన్ ఉమ్మేసింది. అయినా ఎక్కింది. 700. 740. 760 రాగానే ఆపు అన్నారు. ఎడమవైపు నొక్కాను.

పచ్చ! రసీదు! కొట్టు మధ్యలో ఆవిడని ఎత్తి తిప్పేశాను. దింపవే, నడుం విరుగుతుంది అని అరిచారు. కౌంటర్లో నోట్లు తీసుకుని అక్కడికక్కడే ఆవిడ చేతిలో పెట్టాను. మిగతాది ఫోన్లో పంపాను.

ఇంకొక్క బస్తా మిగిలింది. అది నీది కాదు, జరుగు అన్నారు. ఒక్కో సీసా తనే వేశారు. గ్లౌజు తీసి, ఒక్క క్షణం ఆగి, పసుపు నొక్కారు.

అదే రోజు, సాయంత్రం

ఏమీ తగల్లేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నారు. దారంతా చిన్నపిల్లలా నవ్వుతూనే వచ్చారు.

పెట్టె నా మంచం మీదుంది. ఇవాళ నేను కింద పడుకుంటాను.