దుప్పటి రెండో కొస

మార్చి 3, సోమవారం

ఇంగ్లీషు క్లాసు కోసం కొన్న నోటుబుక్కు ఇది. ముందు పేజీల్లో టీచర్ చెప్పినవి ఉంటాయి. వెనక నుంచి మొదలుపెట్టి నా మాటలు రాసుకుంటున్నాను. యాభయ్యేళ్ళ మనిషి నోటుబుక్కు కొంటే కొట్టతను, మనవరాలికా అమ్మా అన్నాడు. అవునన్నాను. మనవరాలు లేదు. చిన్న అబద్ధమే. దేవుడు క్షమించాలి.

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతున్నాను. లినెన్ రూమ్ ఇన్‌చార్జి పెద్దావిడ జూన్‌లో రిటైరవుతుంది. ఆ కుర్చీ నాకు రావాలంటే రిజిస్టరు ఇంగ్లీషులో రాయడం రావాలట. అందుకని సోమ, గురువారాలు డ్యూటీ దిగగానే నాలుగింటికి, క్యాంటీన్ వెనక గదిలో ఈ చదువు.

ఈవేళ వదిలి వెళ్ళడానికి, విడిపించుకోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు చెప్పారు. కొన్నిటి పక్కన మనిషిని మళ్ళీ నిలబెట్టాలట. ఐ అబ్సెంటెడ్ అంటే చాలదు, ఐ అబ్సెంటెడ్ మైసెల్ఫ్ అనాలి. ఆమె అయితే హర్‌సెల్ఫ్. డిస్టెన్స్, ఎక్స్‌క్యూజ్ కూడా అంతేనట. ఒక్క మనిషికి రెండుసార్లు ఎందుకండీ అని అడిగాను. వెళ్ళేదీ తనే, తనని తీసుకెళ్ళేదీ తనే కదమ్మా అన్నారు. ఎస్కేప్‌కి మాత్రం ఏమీ అక్కర్లేదట.

రోజుకో వాక్యం, మీ బతుకులోంచే రాయండి అన్నారు.

మార్చి 4, మంగళవారం

ఐ టోర్ మైసెల్ఫ్ అవే ఫ్రమ్ ద బెడ్.

నా బతుకులో ఇంతకన్నా పెద్ద విడిపోవడాలు లేవు.

పిచ్చుక ఇది లాక్కుని చదివి పడీపడీ నవ్వింది. పెద్ద దుప్పట్లు మడతపెట్టడం ఒక్కరివల్ల కాదు. చెరో కొసా పట్టుకుని లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి. ఆరేళ్ళుగా నా ఎదుటి కొస పిచ్చుకది. ఒకచోట నిలవదు, నోరు మూయదు, అందుకే లాండ్రీలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో తల్లీ తనూ ఇద్దరే. అక్కా, నువ్వు ఇన్‌చార్జివైతే నాకు కిటికీ పక్క బల్ల ఇప్పించాలి, అప్పుడు నన్నెరగనట్టు చూస్తే ఊరుకోను, ఇప్పుడే మాటివ్వు అంది. ఇచ్చాను.

మార్చి 6, గురువారం, సాయంత్రం

క్లాసుకి వెళ్ళాను. బుర్రకి ఏమీ ఎక్కలేదు.

పదకొండున్నరకి పిచ్చుకకి పక్కింటావిడ ఫోన్ చేసింది. తల్లి బాత్రూంలో పడిపోయిందట. సూపర్‌వైజర్ పై అంతస్తులో మీటింగులో ఉన్నాడు. అక్కా, సార్ దిగగానే చెప్పు, నేను పరిగెత్తాలి అంది. వెళ్ళవే, నేను చెప్తాలే, ముందు అమ్మని చూసుకో అన్నాను. ఏప్రన్ విప్పి నా చేతిలో పెట్టి పోయింది.

పన్నెండింటికి అతను దిగాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆపరేషన్ థియేటర్‌కి దుప్పట్లు అందలేదని పైన అందరిముందూ కడిగేశారట. ప్రెస్ మిషన్ దగ్గర ఎవరూ లేరేం, ఆ పిచ్చుక ఏ కొమ్మ మీద వాలింది, ఎవరికీ తెలీదా అని అరిచాడు. అందర్నీ చూశాడు. నన్నూ చూశాడు.

నేను దిండు గలీబు మడతపెడుతున్నాను. తల ఎత్తలేదు.

కాస్త చల్లబడ్డాక చెబుదామనుకున్నాను. ఇంతలో భోజనాల వేళయింది. తర్వాత అతనే నా దగ్గరికొచ్చి, ఇన్‌చార్జి సంగతి పైవాళ్ళతో కదిపానమ్మా, నీ పేరే చెప్పాను, నీలాగా గొడవల్లేని మనిషి కావాలన్నారు అన్నాడు. ఇంక నోరెలా వస్తుంది? నాలుగయింది.

మరిచిపోలేదు. అది ఇక్కడ రాయాలి. మరిచిపోలేదు.

మార్చి 7, శుక్రవారం

పొద్దున్నే సూపర్‌వైజర్ గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుపెట్టాడు. సీనియర్‌వి కదా, సాక్షి సంతకం చెయ్యి అన్నాడు. ఇన్నేళ్ళూ ఆఫీసు కాగితమంటే నాకు గోడ. ఈసారి కళ్ళు నేరుగా ఒక వరస మీద వాలాయి. షీ అబ్సెంటెడ్ హర్‌సెల్ఫ్ ఫ్రమ్ డ్యూటీ వితవుట్ ఇన్‌ఫార్మింగ్ ఎనీవన్.

ఎవరూ చెప్పకుండా వాక్యం మొత్తం అర్థమైంది. హర్‌సెల్ఫ్ ఉండాల్సినచోటే ఉంది. సంతోషం వేసింది. దేవుడా, ముందు సంతోషమే వేసింది.

ఆ తర్వాత ఎనీవన్ దగ్గర ఆగాను. ఎవరికీ చెప్పకుండా పోయిందట. నాతో చెప్పింది కదా. మరి నేనెవర్ని?

అప్పటికి పెన్ను చేతిలో ఉంది. సంతకం పెట్టేశాను.

మార్చి 8, శనివారం

ప్రార్థనకి కూర్చున్నాను. మధ్యలోనే లేచొచ్చేశాను.

మార్చి 10, సోమవారం

పిచ్చుకని గేటు దగ్గరే ఆపేశారు. ఇరవయ్యో తారీఖు ఎంక్వైరీ అట. అందాకా లోపలికి రాకూడదు. చెప్పే వెళ్ళానన్న దాని మాట నిలవకపోతే ఉద్యోగం ఊడినట్టే.

డ్యూటీ దిగి గేటు దాకా వెళ్ళాను. తల్లికి తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ ఇక్కడే చేయించాలి, లాండ్రీ మనిషినైతేనే ఖర్చు లేకుండా చేస్తారక్కా అంది.  అయినా నవ్వుతోంది. నువ్వు చెప్పే ఉంటావు, నాకు తెలుసు, ఆ మహానుభావుడే చెవుల్లో దూది పెట్టుకుని ఉంటాడు అంది. ఎంక్వైరీలో నువ్వొక్కదానివి నోరు తెరిస్తే చాలు, నువ్వు అబద్ధమాడవని మన మిషన్లక్కూడా తెలుసు అంది. సాక్షి సంతకం ఎవరిదో దానికి ఇంకా చూపించలేదు.

క్లాసు ఎగ్గొట్టాను. ఐ అబ్సెంటెడ్ మైసెల్ఫ్.

మార్చి 13, గురువారం

మా ఆయనకి చెప్పాను. బస్సు డిపోలో మెకానిక్. ప్రతి చిక్కుకీ ఎక్కడో ఒక స్పానర్ ఉంటుందని ఆయన నమ్మకం. ఓసి పిచ్చిదానా, ఇందులో ఏముందే, చెప్పాననెయ్ అన్నాడు. మిషన్ల హోరులో సూపర్‌వైజర్‌కి వినపడలేదేమో అను. పిల్లకి ఉద్యోగం మిగులుతుంది, నీకు కుర్చీ మిగులుతుంది, వాడికి రెండు చివాట్లు పడతాయి, పడనీ, వాడేమన్నా ధర్మరాజా అన్నాడు. మరి సంతకం అన్నాను. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా, అర్థంకాక పెట్టానను అన్నాడు.

ఎక్కడా చిల్లు లేదు. అదే భయం. నేనేం చెప్పినా నమ్ముతారు. నోట్లో నాలుక లేని మనిషి అని చిన్నప్పటినుంచీ మెచ్చుకుంటూనే ఉన్నారు. ఆ మెప్పు చాటున ఎన్నిసార్లు నక్కానో ఈ వారం లెక్క తేలుతోంది.

మార్చి 17, సోమవారం

ఐ ఎస్కేప్డ్ మైసెల్ఫ్ అని రాసుకెళ్ళాను. టీచర్ చివరి మాటని ఎర్రగా కొట్టేశారు. దీనికి అక్కర్లేదని మొదటిరోజే చెప్పాను కదమ్మా అన్నారు. అవునండీ అన్నాను.

మార్చి 19, బుధవారం

ఏదైనా దారి చూపించు తండ్రీ అని అడగబోయి ఆగాను. దారి నాకు తెలుసు. తెలిసి అడగడం దేవుడి దగ్గర కూడా నటించడమే.

మార్చి 20, గురువారం, మధ్యాహ్నం రెండు

బల్లకి అటువైపు ముగ్గురు. సూపర్‌వైజర్ ఒక పక్క. గోడవార కుర్చీలో పిచ్చుక. నన్ను చూసి కన్ను గీటింది.

నేను చెప్పింది నాకే వినపడలేదు. గట్టిగా చెప్పమ్మా అన్నారు మధ్యలో ఉన్న పెద్దాయన. మళ్ళీ చెప్పాను. తను నాతో చెప్పే వెళ్ళిందండీ. సార్‌కి చెబుతానని నేనే మాటిచ్చాను. చెప్పలేదు. ఆయన అడిగినప్పుడు కూడా చెప్పలేదు. కాగితంలో ఏముందో తెలిసే సంతకం పెట్టాను.

పక్కనున్న ఆవిడకి జాలేసినట్టుంది. పని ఒత్తిడిలో మరిచిపోయారేమో అంది. తలుపు తీసి పట్టుకున్నట్టే అడిగింది. లేదండీ, మరిచిపోలేదు అన్నాను.

పిచ్చుక వైపు చూశాను. అది కిటికీ వైపు చూస్తోంది.

మార్చి 24, సోమవారం

పిచ్చుక డ్యూటీకి వచ్చింది. తల్లికి బుధవారం ఆపరేషన్. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. మొత్తం చదవగలిగాను. కుర్చీ సంగతి ఇంక ఎవరూ ఎత్తరు.

దాని ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచాను. ఇవ్వబోతే, అక్కడ పెట్టండి అంది.

పెట్టండి అంది. ఆరేళ్ళలో మొదటిసారి.

తప్పు చేశానే, క్షమించు అన్నాను. దానిదేముందిలెండి అని ప్రెస్ వైపు వెళ్ళిపోయింది.

పెద్ద దుప్పట్ల రెండో కొస అల్మరా తలుపు సందులో ఇరికించి ఒక్కదాన్నే మడతపెడుతున్నాను. వంకరగా వస్తున్నాయి.

మార్చి 27, గురువారం

షీ డిస్టెన్స్‌డ్ హర్‌సెల్ఫ్ ఫ్రమ్ మీ. తప్పుల్లేవని టీచర్ రైట్ కొట్టారు.

ఏప్రిల్ 9, బుధవారం

కొసని తలుపు సందులో పెట్టబోతుంటే ఎవరో అందుకున్నారు. తల ఎత్తాను.

ఊఁ, లాగు అంది పిచ్చుక.

అక్కా అనలేదు. అండీ కూడా అనలేదు.

లాగాను.