పాటలో నీ పేరున్న చోటు

రామన్నపేట మండలం, మన ఊరి నుండి
ఆషాఢం, 1992

చిరంజీవి తమ్ముడు బీరన్నకు అక్క ఈదమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు, మేకలతో సహా అందరం బాగున్నాం. భీవండిలో మగ్గాల పని మధ్య నువ్వు కూడా వేళకింత తిని, ఒళ్ళు చూసుకుంటున్నావని తలుస్తాను.

నీ జాబు అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వానలు ఇంకా సరిగా పడలేదు. కర్రె మేక ఈనింది, రెండు పిల్లలు. మీ బావ మోకాలికి దవాఖానలో గోలీలు ఇచ్చారు. పనికి పొమ్మన్నప్పుడే ఆ నొప్పి ఎక్కువవుతుంది, అది వేరే సంగతి. నువ్వు పంపిన టేప్‌రికార్డరు బాగానే ఉంది, కానీ చెద్దరు చుట్టి అటక మీద పెట్టేశాను.

దాన్ని ఎంత మురిపెంగా వాడుకున్నానో నీకు తెలుసు. అమ్మ పోయినప్పుడు నీకు సెలవు దొరకలేదు. నీ బదులు చిన్నాయన కొడుకు దశరథం కుండ పట్టాడు. తర్వాత నువ్వే రాశావు, అమ్మ పాటలు మరిచిపోతానేమో అక్కా, పాడి పంపు అని. సరేనని తలుపులకు గొంగళ్ళు కట్టి, పిల్లల్ని బయటికి తోలి, ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇత్తడి చెంబు మీద ఉంగరం వేలితో తాళం వేసుకుంటూ నాటు పాటలు, విసుర్రాయి పాటలు, జోల పాట పాడాను. పాట మధ్యలో మేక అరిస్తే మళ్ళీ మొదలు. క్యాసెట్టు మీద ‘అమ్మ పాటలు’ అని నా చేత్తోనే రాశాను.

చివర అమ్మ పోయిన రోజు ఆమె మీద ఏడుస్తూ తీసిన శోకం కూడా పాడాను. శోకం ఇంట్లో ఊరికే తీయకూడదని మీ బావ కోప్పడ్డాడు. అయినా పాడాను, నువ్వు వినలేదు కాబట్టి. మన ఊరి లారీ డ్రైవరు తాజుద్దీన్ అటు వస్తుంటే అతని చేతికిచ్చి పంపాను.

పోయిన నెల గుర్వమ్మ బిడ్డ పెళ్ళి. అప్పగింతలప్పుడు మైకులో కొత్త క్యాసెట్టు వేశారు. కింద డోలు, పైన ఏదో పెట్టె బాజా, మధ్యలో నా గొంతు! అట్ట మీద మాత్రం ఎవరో చక్కనామె బొమ్మ, ఆమె పేరే. ‘పోతున్నవా అమ్మా, ఇల్లు చిన్నబోయె’ అని వింటే పిల్లనంపే పాట అనుకున్నారు. అందరూ ఏడ్చారు కూడా. అప్పుడు, అమ్మ చావుకు వచ్చి ఆ శోకం విన్న బక్కమ్మ లేచింది. “ఓసి దీని పాడుగాను! గిది ఈదమ్మ వాళ్ళమ్మ మీద తీసిన శోకం గదనే! బందు చెయ్యుండ్రి!” అని అరిచింది.

గుర్వమ్మ నా రెక్క పట్టుకుంది. “నా బిడ్డ గడప దాటంగ సావు పాట ఏపిచ్చినవా? నీకు నేనేం జేసిన్నే?” అంది. ఆ రోజు నుంచి కూలికి పోయినా నన్ను పాట ఎత్తుకోమనేవాళ్ళు లేరు. తల్లి శోకానికి బాజా కొట్టించిందని వెనక చెప్పుకుంటున్నారు. నేను కోపంతో నీకు రాస్తే, ‘నాకు తెలియకుండా రూమువాడు ఎత్తుకుపోయి క్యాసెట్లవాళ్ళకు ఇచ్చాడక్కా, వాళ్ళు అర్థం చేసుకోక పెళ్ళి పాట అనుకున్నారు’ అని జవాబిచ్చావు.

నమ్మాను. తమ్ముడివి, నమ్మకేం చేస్తాను?

ఇక నీకు రాయలేక ఇంతదాకా దాచిన మాట. నీ జాబు వచ్చాక ఆ క్యాసెట్టు అడిగి తెచ్చి, తలుపు వేసుకుని విన్నాను. శోకంలో అందరి పేర్లూ తీయాలి కదా, ఎవరొచ్చారో, ఎవరు రాలేదో పోయినవాళ్ళకు చెప్పాలి. నా పేరుంది. దశరథం పేరుంది. అమ్మ పెంచిన కర్రె మేక కూడా ఉంది. ‘జర ఆగవే అమ్మా, నీ కొడుకు బీరన్న తొవ్వల ఉన్నడే’ అన్న చోట మాత్రం నా గొంతు లేదు. టకటకమని ఒకటే చప్పుడు. ఊళ్ళోవాళ్ళు పెళ్ళికూతురు బండి పోతున్న చప్పుడు అనుకున్నారట. తాజుద్దీన్ వచ్చినప్పుడు వినిపించాను. వినగానే నవ్వి, “గిది మగ్గాల సప్పుడు గదక్కా! బీరన్న రూముల కూసుంటే గోడ అవతల నుంచి గిట్లనే ఇనొస్తది” అన్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వడం ఆపేశాడు.

రూమువాడికి నీ పేరుతో పనేముంది? నువ్వే రికార్డు మీట నొక్కి నీ పేరొక్కటే చెరిపావు, బీరన్నా. తల్లి శోకం అంగట్లో పెట్టాడని నిన్ను అనకూడదు. నన్ను అంటే మాత్రం ఫరవాలేదు! ఇవ్వాలనే ఉంటే నన్ను అడిగి ఇవ్వాల్సింది, నేను తిట్టి ఊరుకునేదాన్ని. కానీ నా మాటనే నా నోట్లోంచి తీసేశావు. అమ్మ ముందు నీ పరువు కాపాడిన మాట అది. నువ్వు రావని ఆ రోజే నాకు తెలుసురా. తెలిసి కూడా తొవ్వలో ఉన్నావని, వస్తున్నావని పాడాను.

నిన్న అమ్మను పెట్టిన జాగాకు పోయాను. శోకం మొదటి నుంచీ తీశాను, బాజా లేకుండా. నీ పేరున్న చోటుకు వచ్చాక మాట మార్చాను.

“ఇగ ఎదురు సూడకే అమ్మా, నీ కొడుకు బీరన్న తొవ్వల లేడు” అన్నాను.

ఇట్లు,
పాటలో నీ పేరు ఇంకా చెరపని
నీ అక్క ఈదమ్మ