తాళం వేసినవాళ్ళ శోకం

తమ్ముడికి పెద్దక్క ఆశీస్సులు. అందరం క్షేమమని రాస్తే అబద్ధం, కాదని రాస్తే నువ్వు నిద్రపోవు. లేచి తిరుగుతున్నాం, అంతవరకు నిజం.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు పర్వాలేదు. చిన్నక్క కూతురు బడికి వెళ్తోంది గానీ, ఇంట్లో ఏ తలుపూ మూయనివ్వడం లేదు. స్నానాల గదికి కూడా పాత చీర అడ్డం కట్టుకుంటున్నాం. చిన్నబావ మాట్లాడుతున్నాడా అన్నావు, ఆ సంగతి చివర రాస్తాను.

ముందు నీతో తగువుంది. "పాపం, వాళ్ళూ బాధపడుతున్నారక్కా, పోయినవాళ్ళ పేరున రాయి పెట్టుకోనీ" అని రాశావే, ఎవర్రా వాళ్ళు? దారపు కండెలు ఎవరో ఎత్తుకుపోతున్నారని కుట్టుమిల్లుకు బయట తాళం వేయించినవాళ్ళు. లోపల చిన్నక్క కాలిపోతుంటే తాళంచెవి ఎవరి దగ్గరుందని ఒకరినొకరు అడుగుతూ నిలబడ్డవాళ్ళు!

సంతాప సభలో యజమాని "ఈ విషాదం మాకు తీరని శోకం" అన్నాడు. నేను లేచాను.

"పిడుగు పడితే విషాదం, వరదొస్తే విషాదం. తాళం దానంతటదే పడిందా సారూ?"

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, పోయినవాళ్ళ ముందు ఈ వాదనలెందుకు?"

"పోయినవాళ్ళ ముందు కాదయ్యా, పోగొట్టినవాళ్ళ ముందు!"

చిన్నక్క ఆఖరిసారి వదులుగా పెట్టిన నూనెసీసా మూతను చిన్నబావ ఇంకా బిగించలేదు. శోకమంటే అది. ఆ మాటను ఆ యజమాని దుప్పటిలా కప్పుకుని పడుకుంటానంటే ఒప్పుకుంటామా?

ఇక దాచిన మాట. ముందే చెబితే అడ్డం పడతావని చెప్పలేదు. రాయి చెక్కే అతని మరదలూ ఆ మంటల్లోనే పోయింది. "విషాదంలో అసువులు బాసినవారు" అని చెక్కమన్నారు మిల్లువాళ్ళు. నేను వేరే వాక్యం చెప్పాను. "ఇది చెక్కితే ఇక నాకెవడూ పనివ్వడక్కా" అన్నాడు. అంటూనే ఉలి అందుకున్నాడు.

నిన్న యజమాని తన చేత్తోనే రాయి మీది గుడ్డ లాగి, విలేకరుల ముందు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. "బయట తాళం వేసి..." అక్కడితో ఆపి, గుడ్డ మళ్ళీ కప్పబోయాడు.

అంత్యక్రియల తర్వాత పెదవి విప్పని చిన్నబావ, వెనక నుంచి మిగతాది చదివాడు. "ఈ మిల్లు చంపిన మనుషులు." ఆ కింద ఉన్న పేర్లన్నీ కూడా చదివాడు.

యజమాని కారు వైపు నడుస్తుంటే జనం చుట్టుముట్టారు. చిన్నబావే చెయ్యెత్తాడు.

"దారివ్వండి. ఆయనకి తలుపు తీసే ఉంది."

రాయి పగలగొట్టిస్తారట, కేసు పెడతారట. పెట్టనీ. కోర్టులో ఆ వాక్యం మళ్ళీ చదవాల్సిందే, ఈసారి చివరిదాకా.

ఇట్లు,
ఎవరినీ క్షమించే ఉద్దేశం లేని
నీ పెద్దక్క