జక్కయ్య అయ్యగారి దారి

ఉయ్యూరు దగ్గర గరువుపేటలో పుట్టి, ప్రస్తుతం విజయవాడ పటమటలో నివాసముంటున్న విశ్రాంత స్టాఫ్ నర్సు, కీర్తిశేషులు అబ్రహాం గారి భార్య దానమ్మ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం నాకు గుండె ఆపరేషన్. అక్షరాలు వణికితే అది భయం వల్ల. ఏం రాస్తున్నానో నాకు బాగా తెలుసు.

1. దీన్ని అమలు చేయవలసినవారు నా కూతురు కృపావతి, మా సంఘ కాపరి కీర్తిశేషులు జక్కయ్య అయ్యగారి భార్య మార్తమ్మ గారు.

2. గరువుపేట రైతు వెంకటకృష్ణారావు గారి వద్ద నా రిటైర్మెంటు డబ్బుతో కొన్న స్వార్జిత భూమి, అనగా ఊరి రోడ్డు నుంచి మా క్రైస్తవుల సమాధుల తోట వరకు ఉన్న దారి, పై ఇద్దరికీ ఉమ్మడిగా దఖలు పరుస్తున్నాను. సదరు దారిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, మరో స్థలంతో మార్చుకోవడానికి వారికి గానీ వారి వారసులకు గానీ హక్కు లేదు. పంచాయతీకి రాద్దామనుకున్నాను, తీర్మానం చేసి మార్చేస్తారేమోనని భయం. సంఘం పెద్దలకు రాద్దామనుకున్నాను, వాళ్ళ మీదా భయమే. ఈ ఇద్దరు ఆడవాళ్ళ మీద భయం లేదని కాదు, కాస్త తక్కువ.

ఈ దారి ఎలా వచ్చిందో మనవలకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. పూర్వం మా పేటవాళ్ళం పొలం గట్టు మీదుగా సమాధుల తోటకు వెళ్ళేవాళ్ళం. ఒక ఏడాది గట్టుకు ముళ్ళకంచె పడింది. ఆ వానాకాలంలోనే నా భర్త పోయారు. శవపెట్టెను పంటకాలువలో, రొమ్ములోతు నీళ్ళలో మోశారు. బైబిలు తలమీద పెట్టుకుని జక్కయ్య అయ్యగారు ముందు నడిచారు. సగంలో పెట్టె ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు నేను పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అవతలి ఒడ్డున అయ్యగారు ప్రార్థన చేయబోయారు. బైబిలు తెరిచి, మళ్ళీ మూసేశారు.

మర్నాటి నుంచి ఆయన మండలాఫీసు వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. అధికారి మారినప్పుడల్లా మొదటి నుంచీ చెప్పుకొచ్చేవారు. పక్కనుంచి ఇంకో దారి ఇస్తామన్నారు. ఆయన నడిచి చూసి వచ్చారు. అది కాలువ దగ్గరే ఆగిపోయిందట. ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం సైకిలు మీద వస్తుంటే గట్టు దగ్గర కర్రలతో కొట్టారు. ఎడమ చెవి పోయింది. నేనే కుట్లు వేశాను. ఎవరో చెప్పండి, కేసు పెడదాం అన్నాను.

“వద్దు దానమ్మా. నా చెవి కేసు పెడితే ఇక దారి కేసు ఎవరికి గుర్తుంటదమ్మా?” అన్నారు.

ఆ సంగతి తెలిసి వెంకటకృష్ణారావు గారు తనంతట తానే అయ్యగారింటికి వచ్చారు. కంచె వేయించింది ఆయనే, కొట్టించింది మాత్రం ఆయన కాదు. దారి కొలిచి అమ్మేస్తానన్నారు. రిజిస్ట్రేషన్ రోజు నాతో, “నర్సమ్మగారూ, నేనైతే అమ్మేస్తున్నానండీ. రేపు మీవాళ్ళు అమ్మకుండా చూసుకోండి” అన్నారు. ఆ మాట అప్పటి నుంచీ నన్ను తినేస్తోంది.

కంచె తీశాక ఆ దారిన మొదట వెళ్ళింది అయ్యగారే. విషజ్వరంతో పోయారు. పేటంతా వెనక నడిచింది, రైతులూ వచ్చారు. ఆ రోజు కుండపోత వాన. కాలువలో ఎవరూ దిగలేదు.

3. పటమట ఇంటి పై వాటా కృపావతికి, కింది వాటా నా కొడుకు ఏసుపాదానికి. సమాధుల తోట దారికి రెండు పక్కలా ఇప్పుడు ఇళ్ళస్థలాల వెంచరు వేస్తున్నారు. మొన్న వెళ్ళి చూస్తే వాళ్ళ హద్దురాయి ఒకటి దారిలోకి జరిగి ఉంది. ఇంటికొచ్చి చెబితే ఏసుపాదం, “పోయినోళ్ళకి అంత దారెందుకే అమ్మా? పక్కనుంచి ఇంకోటి ఇత్తామంటున్నారుగా” అన్నాడు. అతడు గానీ, అతని తరఫున మరొకరు గానీ సదరు దారి మీద దావా వేసినచో కింది వాటా కూడా కృపావతికే చెందుతుంది.

ఇది కోపంతో రాయలేదు నాన్నా. ఆ నీళ్ళలో మీ నాన్న పెట్టె మోసినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. ఆ రోజు సంగతి నువ్వు ఒక్కసారైనా ఎత్తలేదు. ఆ చోటు కళ్ళముందు లేకుండా పోతే బాగుండునని నీకు అనిపిస్తోందేమో. నాకూ ఎన్నోసార్లు అనిపించింది.

4. నా ఆడపడుచు ఆదెమ్మకు నీలం రంగు వెంకటగిరి చీర. “అయ్యగారు ప్రార్థన చేసుకోక ఆఫీసుల చుట్టూ తిరుగుడేంటి” అని చర్చి మెట్ల మీద నలుగురిలో అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టలేదు. చీర తీసుకోమనండి. ఎప్పటికైనా ఆమెనూ ఆ దారినే తీసుకెళ్ళాలి.

5. నాడి చూడటానికి కొనుక్కున్న నా చేతి గడియారం కృపావతికి. నా పేము కుర్చీ మార్తమ్మ గారికి. అయ్యగారి కుర్చీలో ఆమె ఎవరినీ కూర్చోనివ్వదు, తానూ కూర్చోదు. మోకాళ్ళ నొప్పులతో నేల మీదే చతికిలబడుతుంది.

6. ఆపరేషన్ బల్ల మీద నేను పోతే విజయవాడలో పూడ్చవద్దు. గరువుపేట తీసుకెళ్ళండి, ఆ దారినే. ఎవరైనా అడ్డుపడితే గొడవ పెట్టుకోకండి. పక్కదారి చూపిస్తే వెళ్ళకండి. పెట్టె దించి, నీడ చూసుకుని కూర్చోండి. నాకు తొందరేమీ లేదు.

విజయవాడ, 18 నవంబరు 2025.

(సంతకం) దానమ్మ

పై సంతకం మా ఎదుట చేయబడినది:
సాక్షి 1. నాగదుర్గ, పక్కింటి నివాసి, పటమట
సాక్షి 2. సింధూరి, న్యాయవాది, విజయవాడ