తోక ముట్టుకోను

14 సెప్టెంబర్ 2011, బుధవారం. ఉదయం 6.
సకల జనుల సమ్మె రెండో రోజు. పశువుల దవాఖానకు తాళం. బోలెడు తీరిక! కాలేజీలో నా జూనియర్ యాసిన్ ఫోన్ చేశాడు. 25న జనగామ దగ్గర అరవై కిలోమీటర్ల గుర్రాల పోటీ. ప్రతి మజిలీలో డాక్టరు చూసి సరేనంటేనే గుర్రం కదలాలి. కొత్త డాక్టర్లకు 23న అక్కడే తను పరీక్ష పెడతాడట, గుర్రాన్ని మనమే తెచ్చుకోవాలట. నెగ్గితే బ్యాడ్జీ. వస్తానన్నాను.
పదకొండేళ్ల సర్వీసు. బర్రెలు, మేకలు: లెక్కలేనన్ని. గుర్రాలు: సున్నా. గుర్రమంటే భయమని యాసిన్‌కు చెప్పలేదు. నా భార్య దీపకూ చెప్పలేదు.
తీర్మానం: రోజూ ఐదున్నరకు గుర్రం దగ్గర. నాడి, కడుపు చప్పుడు, మెడ చర్మం, నడక. పది రోజుల్లో భయం మాయం!

15, గురువారం.
మా మానుకోటలో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్నిచ్చే హమీద్ భాయ్ ఇల్లు. గుర్రం పేరు సితారా. భాద్రపదం కదా, దానికీ పని లేదు. మొదటి అరగంట గేటు బయటి నుంచే పరీక్షించాను. తర్వాత స్టెతస్కోప్ పెట్టాను. నిమిషానికి నలభై! దీపకు మూడుసార్లు చెప్పాను.

17, శనివారం.
ఘోరం. బర్రెకు నాడి తోక కింద చూస్తాం. చేయి అలవాటుగా సితారా తోక ఎత్తింది. డెక్క నా మోకాలి పక్కనుంచి పోయి బకెట్‌ను ఎగరగొట్టింది.
"డాక్టర్ సాబ్, గిది బర్రె కాదు," అన్నాడు హమీద్ భాయ్. "జర ముంగటికి రాండ్రి. దవడ కింద చూడున్రి."
నియమం: తోక ముట్టుకోను. ముట్టుకుంటే ఇరవై గుంజీలు.

18. నలభై గుంజీలు.

19. కాళ్ల నొప్పులు. వెళ్లలేదు.

20. సమ్మెలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు. ఉద్యోగిగా నా బాధ్యత. పులిహోర బాగుంది.

21. వాన. గుర్రానికి ఇబ్బంది.

22. పుస్తకం చదివాను. చదవడమూ సాధనే. ఆరో పేజీలో నిద్ర పట్టింది.

23, శుక్రవారం. సాయంత్రం 6.
బస్సులు లేవు. హమీద్ భాయ్ ట్రాలీలో సితారా పక్కనే నిలబడి జనగామ చేరాను. దారంతా అది నా భుజం మీద తల ఆనించింది. భయం వేయలేదు. నిజంగా వేయలేదు!
పరీక్ష. సితారాను పరిగెత్తించి తెచ్చారు. నాడి అరవై నాలుగు దాటకూడదు. యాభై ఎనిమిది! చర్మం భేష్, కడుపు భేష్. అప్పుడే తెలంగాణ ఊరేగింపు డప్పులతో వచ్చింది. బరాత్ అనుకుని సితారా ఆట మొదలుపెట్టింది. జనం చప్పట్లు. నాడి మళ్లీ చూడమన్నాడు యాసిన్. కంగారులో నా చేయి తోక కిందకే పోయింది. ఈసారి సితారా తన్నలేదు. వెనక్కి తిరిగి చూసింది, అంతే.
యాసిన్ మెల్లగా చెప్పాడు: "అన్నా, గుర్రం పాసైంది. ఆపేది నిన్నే."
సమ్మె అయ్యేదాకా పోటీ వాయిదా అట. నాకింకో పరీక్ష పెడతాడట. తిరుగు దారంతా సితారాతో మాట్లాడలేదు.

26, సోమవారం.
తండా నుంచి తుల్సీబాయి పరుగున వచ్చింది. బర్రె మేత ముట్టడం లేదట. సమ్మె అయినా వెళ్లాను. దవడ కింద చేయి పెట్టి నాడి వెతికాను. బర్రె మోచేతి దాకా నాకింది.
"సారూ, నువ్వు కొత్తనా? జర తోక దిక్కు పో," అంది తుల్సీబాయి.
నా చేయి గుర్రాన్ని నేర్చుకుంది! ఆనందం పట్టలేక నవ్వాను. ఆమె నవ్వలేదు. మందు వేశాను, సాయంత్రానికి బర్రె మేసింది.
ఇంటికొచ్చి దీపకు నిజం చెప్పేశాను, గుర్రమంటే ఇన్నాళ్లూ భయపడ్డానని. గేటు బయటి అరగంట సంగతి హమీద్ భాయ్ ఆ రోజే చెప్పాడంది.
తీర్మానం: రేపు ఐదున్నరకు సితారా దగ్గర. మొదటి రోజు! కుడి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను: గుర్రం, దవడ. ఎడమ చేతి మీద: బర్రె, తోక. తెల్లారేదాకా చేతులు కడుక్కోను.